ఇంటికి తెచ్చుకోవచ్చా?

మా మేడ మీద పోర్షన్ కిరాయి అప్పటికి నెలకి 14 వేలు. ఆ 14 వేలకి ఏమేం వస్తాయో అగ్రిమెంట్‌లో వరసగా రాసి ఉంటుంది. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్‌రూములు, నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబ్‌లైట్లు, ఒక గీజర్, కింద ఒక బండి పెట్టుకోవడానికి చోటు. ఏమేం కుదరవో కూడా రాసి ఉంటుంది. గోడలకి మేకులు కొట్టకూడదు, ఇంకొకరికి సబ్‌లెట్ చెయ్యకూడదు, రాత్రి పదిన్నర దాటితే గేటుకి తాళం. ఇంత వివరంగా రాసుకున్న కాగితంలో ఒక్క విషయం మాత్రం లేదు. ఆ పోర్షన్‌లో ఒక మనిషి చనిపోవచ్చా, లేదా?

2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పై పోర్షన్ ఆయన మెట్లు దిగివచ్చి అదే అడిగాడు. ఇంత మోటుగా కాదు. వాళ్ళ నాన్న అప్పటికి పన్నెండు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు. "ఇంక చేసేదేం లేదు సార్, ఇంటికి తీస్కపొమ్మంటున్నరు డాక్టర్లు. ఇంటికి తెచ్చుకోవచ్చునా?"

ఆ మాటల్లో ఇల్లు రెండుసార్లు వచ్చింది. డాక్టర్ చెప్పిన ఇల్లు ఆయనది. ఆయన నన్ను అడుగుతున్న ఇల్లు నాది. రెండూ ఒకటే ఇల్లు.

హైదరాబాద్‌లో కిరాయికి ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకు అడగాల్సొస్తుందో చెప్పక్కర్లేదు. శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్ల గురించి, రోడ్డు పక్కన టెంట్ వేసుకుని రాత్రంతా కూర్చున్న కుటుంబాల గురించి జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు చదువుతూనే ఉంటాం. "ఎంత రాక్షసుడో" అనుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ అలాగే తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ రాక్షసుడి పక్కనుంచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సమర్థించుకోవడానికి కాదు. ఆ గేటు దగ్గర నిలబడ్డప్పుడు బుర్రలో ఏం జరుగుతుందో బయటినుంచి చూసేవాళ్ళకి తెలియదు కాబట్టి.

*

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇల్లు కిరాయికి ఇచ్చి చూడు అని కూడా కలపాల్సింది.

మాది ఎల్బీనగర్ వైపు ఒక కాలనీలో 120 గజాల జాగా. కింద ఇల్లు నాన్న కట్టింది. పైన పోర్షన్ 2017లో నేను వేయించాను. 15 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 15 ఏళ్ళ గడువు. నెలకి 15,200 దాకా కట్టాలి. 2018లో మొదటిసారి వచ్చిన కిరాయి 11 వేలు. అంటే ప్రతినెలా నా జేబులోంచి నాలుగు వేలు వేసుకుంటే ఆ పోర్షన్ నిలబడింది. దాని మీద ప్రాపర్టీ ట్యాక్స్, సంపు కడిగించడం, ఎండాకాలం కాలిపోయే మోటార్, కృష్ణా నీళ్ళు రాని రోజు ట్యాంకర్. పై బాత్‌రూమ్ నుంచి కింద మా దేవుడి గది సీలింగ్‌లోకి నీళ్ళు దిగితే ముగ్గురు మేస్త్రీలు మూడు రకాల రోగాలు చెప్పారు. ముగ్గురికీ డబ్బులిచ్చాను. ఇప్పటికీ ఆ మూల పెచ్చులు రాలుతూనే ఉంటాయి.

ఇవన్నీ నిజమైన కష్టాలే. ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన కిరాయి ఆదాయంలో 30 శాతానికి ఆదాయపన్ను లేదు, రిపేర్లు చేయించినా చేయించకపోయినా. ఉద్యోగస్తులు ఏడాదికి లక్ష దాటిన కిరాయికి మినహాయింపు అడగాలంటే ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. పై ఆయన ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంటెంట్. మొదటి ఏడాది నన్ను పాన్ నంబర్ అడిగితే, "చూద్దాంలెండి" అని రెండు నెలలు నాన్చి ఇచ్చాను. ఆయన హక్కు అది. నేను ఇచ్చినప్పుడు మాత్రం థ్యాంక్స్ చెప్పించుకున్నాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. టులెట్ బోర్డు పెట్టినప్పుడు మా వీధిలో చాలామంది ఓనర్లు ఫోన్లోనే "మీరేమిట్లోళ్ళు?" అని అడిగేస్తారు. నేను అలా అడగను. "సొంతూరెక్కడండీ, ఇంటిపేరేంటి?" అని అడుగుతాను. అదే ప్రశ్న, ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తుంది. ఒకసారి ఫోన్ చేసినతని పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చారండీ" అన్నాను. ఎవరూ ఇవ్వలేదు. అతను చాలా మర్యాదగా "పర్లేదండీ" అన్నాడు. అబద్ధమని అతనికి తెలుసు. ఆ రోజు అతనికి అలాంటి అబద్ధాలు ఇంకెన్ని చెప్పి ఉంటారో నాకూ తెలుసు.

అగ్రిమెంట్ ఎప్పుడూ 11 నెలలకే రాసుకుంటాం. ఏడాది దాటిన లీజుని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, దానికి ఖర్చు. అందుకని దేశమంతా పదకొండో నెలలో ఆగిపోతుంది. పై వాళ్ళు మా ఇంట్లో ఆరేళ్ళున్నారు. ఇద్దరు పిల్లల్లో చిన్నది ఈ ఇంట్లోనే నడక నేర్చుకుంది. కాగితం మీద మాత్రం వాళ్ళ ఇల్లు ప్రతి పదకొండు నెలలకీ ముగిసిపోయి, నేను సంతకం పెడితే మళ్ళీ మొదలయ్యేది.

అయినా నన్ను నేను మంచి ఓనర్ననే అనుకున్నాను. లెక్కలు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ అప్పుడు తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల కిరాయి అడగొద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమని చెప్పింది. పై ఆయనకి సగం జీతమే వస్తోంది. ప్రభుత్వం చెప్పకముందే నేను ఆయనకి "ఉన్నప్పుడే ఇవ్వండి" అని చెప్పాను. ఆయన ఏడాదిలోపు ప్రతి రూపాయీ తీర్చాడు. ఆ సంగతి నేను స్నేహితులకి చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయన ఎవరికైనా చెప్పుకున్నాడో లేదో.

*

ఆ సాయంత్రానికి వస్తాను.

ఆయన అడగ్గానే నా నోట్లోంచి వచ్చిన మాట: "అమ్మని ఒక్కమాట అడిగి చెప్తాను." ఆయన తలూపాడు. "సరే సార్, తొందరేం లేదు. ఇయ్యాల రాత్రికి ఎట్లయినా ఆస్పత్రిలనే ఉంటడు" అన్నాడు. తండ్రి చావుబతుకుల్లో ఉన్న మనిషి, నాకు ఇబ్బంది కాకూడదని, తొందరేం లేదన్నాడు.

అమ్మకి అప్పటికి 74 ఏళ్ళు. విన్నది, కాసేపు ఊరుకుంది. తర్వాత అంది: "మంచి నక్షత్రంల పోతే సరే. పంచకంల పోతే? ఇల్లు మూసిపెట్టి ఈ వయసుల నేనెక్కడికి పోవాలె?"

ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఉన్న అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే, నక్షత్రాన్ని బట్టి ఆ ఇంటిని కొన్ని నెలలపాటు వదిలిపెట్టాలని మనవాళ్ళలో చాలామంది నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ నవ్వి కొట్టిపారేయడానికి కూడా లేదు. ఎందుకంటే ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉండను. పై గది నేల అమ్మ పడుకునే గదికి కప్పు.

అమ్మకి ఇంకో జ్ఞాపకం ఉంది. అది నాకూ ఉంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా నాయినమ్మ ఆసుపత్రిలో పోయింది. వాన్ ఇంటి ముందు ఆగింది. ఓనర్ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, కేకలెయ్యకుండా, చాలా నెమ్మదిగా, "మీరే అర్థం చేసుకోవాలె" అని నాన్నతో అన్నాడు. పక్కన ఖాళీ ప్లాట్‌లో తుమ్మచెట్టు కింద నాయినమ్మని పడుకోబెట్టారు. ఎవరో షామియానా తెచ్చారు. ఐస్ కరిగి మట్టిలోకి పోతుంటే నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. అమ్మ నీళ్ళకోసం బకెట్ పట్టుకుని గేటు లోపలికి వెళ్ళాలంటే కూడా అడగాల్సొచ్చింది. ఆ నెలలోనే నాన్న చిట్టీలో చేరాడు. ఈ 120 గజాలు ఆ చిట్టీ డబ్బుతో కొన్నవే.

నాకు అర్థంకానిదల్లా ఇదే. అంత అవమానం పడ్డ మనిషి, అదే అవమానం ఇంకొకరికి జరగబోతుంటే "వద్దు" అని కదా అనాలి? అమ్మని అడిగాను కూడా. అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "గందుకే గదా మీ నాయిన ఇల్లు కట్టింది. మన చావు మన ఇంట్ల చావనీకి. ఊరోళ్ళ చావుల కోసం కట్టిండా?"

బాధ పడ్డవాళ్ళకి ఎదుటివాళ్ళ బాధ తెలుస్తుందని మనం తేలిగ్గా అనేస్తాం. కథల్లో అలాగే రాస్తాం కూడా. కొన్నిసార్లు తెలుస్తుంది. కొన్నిసార్లు బాధ నేర్పే పాఠం వేరు. గేటు బయట నిలబడ్డవాడికి గేటు మీద కోపం రావచ్చు, లేదా ఎలాగైనా గేటు లోపలికి చేరాలని పట్టుదల రావచ్చు. మా ఇంట్లో రెండోదే వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు ఆ పట్టుదలతోనే బతికాం. చేరాక గేటు వేసుకున్నాం.

*

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గంటల్లో నేనేం ఆలోచించానో దాచకుండా చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మొదట లెక్కలు వేశాను. పైన చావు జరిగితే వీధంతా తెలుస్తుంది. వీళ్ళు ఖాళీ చేశాక కొత్తవాళ్ళు రావడానికి రెండు నెలలు పట్టినా 28 వేలు. రంగులు వేయించాలి, 12 వేలు. మొత్తం 40 వేలు. ఒక ముసలాయన తన కొడుకు ఇంట్లో, తన మంచం మీద కన్నుమూయడానికి నేను కట్టిన ధర అది. లెక్క తప్పు కాదు. ఆ లెక్క వెయ్యడానికి కాగితం కూడా అవసరం లేకపోయింది. అంత అలవాటుగా వచ్చింది.

తర్వాత అమ్మ వెనక దాక్కున్నాను. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు, అమ్మ భయం అమ్మది, పెద్దావిడని ఇబ్బంది పెట్టలేను కదా. ఈ వాదన వినడానికి ఎంతో బాగుంటుంది, ఎందుకంటే ఇందులో నేను రెండువైపులా మంచివాణ్ణే. హేతువాదినీ, కన్నతల్లి మాట జవదాటని కొడుకునీ. ఇలా ఇంకొకరి నమ్మకాన్ని అడ్డు పెట్టుకుని మన పని జరిపించుకోవడం మనలో చాలామందికి చేతనైన విద్య. "నాకేం పట్టింపులేదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు" అన్న మాట ఎన్ని పెళ్ళిళ్ళని ఆపిందో, ఎన్ని ఇళ్ళని ఇవ్వనివ్వలేదో మీకు తెలియంది కాదు.

ఆఖరికి నా చిన్నతనాన్ని ఆసరా చేసుకున్నాను. నేను పెద్ద భూస్వామినా? పది ఫ్లాట్లున్నవాణ్ణా? ఒక్క పోర్షన్, దాని మీద అప్పు. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పట్టణాల్లోనే కోటికి పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. కిరాయి తక్కువ రావడం, ఇచ్చిన ఇల్లు తిరిగి వస్తుందో రాదోనన్న భయం కూడా అందుకు కారణాలే. చిన్న ఓనర్ల భయాలు ఊహల్లోంచి పుట్టినవి కావు. ఒక్క నెల కిరాయి ఆగితే బ్యాంకు ఆగదు.

కానీ అధికారం సైజుని బట్టి ఉండదని ఆ రాత్రే తెలిసింది. పెద్ద బిల్డర్‌కి వంద ఫ్లాట్లుంటే, వాటిలో ఎవరు పుట్టారో ఎవరు పోయారో ఆయనకి తెలియను కూడా తెలియదు. ఆయన్ని ఎవరూ వచ్చి "తెచ్చుకోవచ్చా" అని అడగరు. నేను కింద ఉంటాను. గేటు తాళం నా దగ్గర ఉంటుంది. వాళ్ళింటికి ఎవరొచ్చారో, ఏం వండుకున్నారో, ఎప్పుడు గొడవపడ్డారో నాకు వినిపిస్తుంది. నేను చిన్నవాణ్ణి కాబట్టే వాళ్ళ బతుకు మీద నా పెత్తనం అంత దగ్గరగా ఉంది.

రాత్రి ఏ రెండింటికో ఇంకోటి గుర్తొచ్చింది. నిజానికి సాయంత్రం నుంచీ గుర్తుంది, దాన్ని పక్కకి నెడుతూ వచ్చాను. 2019లో మా నాన్న ఈ ఇంట్లోనే, కింద, ముందు గదిలో పోయాడు. ఆ రోజు మా పొయ్యి వెలగలేదు. టీలూ, మూడు రోజులు అన్నమూ పైనుంచే వచ్చాయి. కుర్చీలు, టెంట్, పురోహితుడు, అన్నీ పై ఆయనే చూసుకున్నాడు. నాన్న పాడె మోసిన భుజాల్లో ఒకటి ఆయనది. అప్పుడు తను మా కిరాయిదారా, మా ఇంటి మనిషా అని ఆయన మెట్లెక్కి పోయి ఆలోచించుకుని రాలేదు.

అప్పుడు తేల్చుకున్నాను. పొద్దున్నే పైకి వెళ్ళి "తీసుకురండి, నేనూ ఆసుపత్రికి వస్తాను" అని చెప్పాలి. అమ్మకి నేను నచ్చచెప్పుకుంటాను. అప్పుడే వెళ్దామనుకున్నాను గానీ పిల్లలు నిద్రపోతుంటారని ఆగాను.

ఆరుంబావుకి గేటు చప్పుడైంది. బయట వాళ్ళ బంధువుల బొలేరో ఉంది. పిల్లలిద్దరూ స్వెట్టర్లు వేసుకుని వెనక సీట్లో ఉన్నారు. ఆయన నన్ను చూసి ఆగాడు. "ఆస్పత్రికాడికెల్లి సీదా ఊరికే తీస్కపోతున్నం సార్. మా బాబాయోళ్ళ వాకిట్ల ఉంచుతం" అన్నాడు. వాళ్ళది అచ్చంపేట దాటాక ఒక ఊరు. మూడు గంటలకి పైగా ప్రయాణం. సొంతిల్లు ఎప్పుడో కూలిపోయింది.

"అదేంటండీ, నేను అడిగి చెప్తానన్నాను కదా. తీసుకురండి, ఏం పర్లేదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. "ఫర్వాలేదు సార్, ఊర్ల అందరుంటరు. మోటార్ ఆన్ చేసిన, పది నిమిషాలాగి బంద్ చేయుండ్రి" అని బండెక్కాడు. నేను లోపలికొచ్చి గడియారం చూస్తూ కూర్చుని, పది నిమిషాలకి మోటార్ ఆపాను. పెద్దాయన మూడోరోజు పోయాడు.

*

నేను కాదనలేదు. కావాలంటే ఎవరినైనా అడగండి, నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. ఒక రాత్రి ఆలోచించుకుంటానన్నాను, అంతే. కానీ ఆయన ఆ రాత్రినే జవాబుగా విన్నాడు. సరిగ్గానే విన్నాడని నాకు ఇప్పుడనిపిస్తుంది. తన ఇంటికి తన తండ్రిని తెచ్చుకోవచ్చా లేదా అన్నది కింద ఒక మనిషి రాత్రంతా ఆలోచించి తేల్చాల్సిన విషయమైనప్పుడు, తెల్లారి "సరే" అన్నా "వద్దు" అన్నా పెద్ద తేడా లేదు. సరే అంటే దయ. దయతో దొరికేది ఇల్లు కాదు.

తర్వాత చట్టాలు తిరగేశాను. తప్పు చేసినవాడికి పుస్తకాలు గుర్తొస్తాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిరాయి అంటే ఆస్తిని అనుభవించే హక్కుని బదిలీ చెయ్యడం అంటుంది. కిరాయి కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఏ అడ్డంకీ లేకుండా అనుభవించనిస్తానని ఓనర్ మాటిచ్చినట్టేనట. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఖాళీ చేయించడానికి ఒప్పుకునే కారణాలున్నాయి. కిరాయి ఎగ్గొట్టడం, సబ్‌లెట్ చెయ్యడం, ఇంటిని పాడుచెయ్యడం, చుట్టుపక్కలవాళ్ళకి ఇబ్బందిగా తయారవడం, ఇలా. కిరాయి ఒక పరిమితి దాటిన ఇళ్ళకి ఆ చట్టం వర్తించదు, మా ఇల్లూ దాని కిందికి రాదు, అది వేరే సంగతి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టమైతే, ఓనర్ ఆ పోర్షన్‌లో అడుగు పెట్టాలన్నా 24 గంటల ముందు నోటీసివ్వాలంటుంది. అంతకుముందు ఎప్పుడో, అర్థశాస్త్రంలో కౌటిల్యుడు కిరాయి కట్టినవాణ్ణి బలవంతంగా వెళ్ళగొట్టిన ఓనర్‌కి 12 పణాల జరిమానా వేశాడు. దూషణ, దొంగతనం, దౌర్జన్యంలాంటివి చేస్తే తప్ప.

ఈ జాబితాలన్నిట్లోనూ చావు ఎక్కడా లేదు. వెళ్ళగొట్టడానికి అదొక కారణం కావచ్చని వాటిని రాసినవాళ్ళెవరికీ తట్టినట్టు లేదు. మనుషులు ఉండే చోట మనుషులు పోతారన్నది చెప్పాల్సిన సంగతిగా వాళ్ళకి కనిపించి ఉండదు. చట్టం కాదన్నందువల్ల ఆ గేటు మూసుకోవడం లేదు. చట్టం అక్కడిదాకా రాదు. వచ్చినా, శవం పక్కన కూర్చున్నవాళ్ళు కోర్టుకి వెళ్ళరు. ఆ ఒక్కరోజు ఎవరూ పోట్లాడలేరని ఓనర్లకి తెలుసు. నాయినమ్మ రోజున మా ఓనర్ అంత నెమ్మదిగా మాట్లాడగలిగింది అందుకే.

దీనికి రెండోవైపు కూడా చెప్పుకోవాలి. అమ్మ భయం అబద్ధం కాదు. నిజంగానే ఆమె ఆ గది కింద నెలల తరబడి నిద్రపోలేకపోయేది. ఇంకొకరి హక్కు కోసం ఒక ముసలామె నిద్ర పోగొట్టడం న్యాయమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. కిరాయి తీసుకున్నాం. ఆరేళ్ళలో ప్రతినెలా అయిదో తారీకున తీసుకున్నాం. ఆ డబ్బుతో అమ్మ మందులు కొన్నాం. ఒక మనిషి బతుకుకి కిరాయి తీసుకుని, ఆ బతుకులో చివరి రెండు రోజుల్ని మాత్రం మినహాయించుకుంటామంటే, ఆ సంగతి టులెట్ బోర్డు మీదే రాయాల్సింది. రాస్తే ఎవరొస్తారు?

*

పన్నెండు రోజులయ్యాక వాళ్ళు తిరిగొచ్చారు. ఆయన గుండు చేయించుకుని ఉన్నాడు. నేను పైకి వెళ్ళి పలకరించాను. టీ ఇచ్చారు. ఆ రాత్రి గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏప్రిల్‌లో అగ్రిమెంట్ తిరగరాసే టైమొచ్చింది. "ఈసారి పెంచొద్దులెండి" అన్నాను. ఆయన "వద్దు సార్, కాగితం ప్రకారం ఎంతైతే గంతే" అని 5 శాతం, అంటే 700 కలిపి పంపాడు. నెలనెలా ఫోన్‌లో 14,700 పడ్డట్టు మెసేజ్ వచ్చేది. ఆ 700 వాపస్ చేసే దారి నాకు దొరకలేదు. అంతకుముందు ఊరినుంచి వస్తే జొన్నలో, సీతాఫలాలో కిందికి పంపేవాళ్ళు. అవి రావడం ఆగిపోయింది. ఏ గొడవా లేదు. కాగితంలో ఉన్నంతవరకే మిగిలాం. 2024 మేలో ఖాళీ చేశారు, పిల్లల స్కూల్ దగ్గరవుతుందని చెప్పారు. రంగులకి అడ్వాన్స్‌లోంచి పట్టుకోమన్నాడు. పట్టుకోలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళు భార్యాభర్తలు, ఆ అమ్మాయి తల్లి. ఈసారి అగ్రిమెంట్‌లో నేనొక లైన్ రాయించాను. "కిరాయిదారుల కుటుంబంలో ఎవరికైనా అనారోగ్యంగానీ మరణంగానీ సంభవించినచో, సదరు ఇంటి యందు అన్ని కార్యక్రమములు జరుపుకొనుటకు యజమానికి ఎట్టి అభ్యంతరము లేదు." టైప్ చేసే అతను చెయ్యి ఆపి నా వంక చూశాడు. "ఇట్లాంటిది ఎవరూ రాయరు సార్" అన్నాడు.

ఆ అబ్బాయి చదివి ఇబ్బందిగా నవ్వాడు. "ఇదెందుకు సార్, ఇంట్లో దిగకముందే అపశకునంలాగా. తీసేయండి ప్లీజ్." ఆయన అన్నదీ నిజమే. పాలు పొంగించుకునే రోజు ఎవరు చదవాలనుకుంటారు అలాంటి వాక్యం? తీసేయించాను. వాళ్ళ హక్కుని కాగితంలో పెడితే వాళ్ళకే భయమేసింది. పెట్టకపోతే మళ్ళీ నా దయ మీదికొస్తుంది. దీనికి నాకు దారి తెలియలేదు.

దిగిన నాలుగు రోజులకి ఆ పెద్దావిడ వాకిట్లో కనిపించి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది. "బాబూ, కాయితంలో ఏదో రాసి తీసేశారంట. నోటిమాట ఉన్నట్టా, అదీ పోయినట్టా?"

"ఉందండీ" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

లోపల అమ్మ విన్నది. రెండురోజులు ఏమీ అనలేదు. మూడోరోజు అన్నం పెడుతూ, "పంతులుని అడిగిన. పంచకంల పోయినా శాంతి చేయిపిస్తే అయిపోతదట. ఇల్లు మూసుడు కూడా అక్కరలేదట" అంది.

నేను తినడం ఆపి చూశాను. "ఈ మాట అప్పుడే అడిగి ఉంటే..." అన్నాను.

"అడుగుతుంటి" అంది అమ్మ, గిన్నెలు సర్దుతూ. "నువ్వు అడుగుమనలేదు గద."